చిన్న ట్రాక్టరు: ధర తగ్గింది, లెక్క మారిందా?

2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి ట్రాక్టర్లపై వస్తు సేవల పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గిన విషయం పాఠకులకు విదితమే. ట్రాక్టరు వెనుక టైర్లు, ట్యూబులు, కొన్ని విడిభాగాలపై 18 శాతంగా ఉన్న పన్ను కూడా అదే రోజు నుండి 5 శాతానికి దిగింది. ఈ తగ్గింపు వల్ల 35 హెచ్‌పీ ట్రాక్టరుపై సుమారు 41 వేల రూపాయలు, 45 హెచ్‌పీ ట్రాక్టరుపై సుమారు 45 వేలు మిగులుతాయని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అప్పట్లో ప్రకటించారు. తోటపనికి, కలుపు తీతకు వాడే చిన్న ట్రాక్టర్లపై మిగులు 23 వేల వరకు ఉంటుందని కూడా చెప్పారు.

ఈ చివరి అంకె సరిహద్దు గ్రామాలలో ఎక్కువ చర్చకు కారణమయింది. అయిదారు ఎకరాల పొలం, ఇంటి వెనుక దొడ్డి, నాలుగు పశువులు, కొంత మామిడి తోటో మల్బరీయో ఉన్న కుటుంబాలే ఇక్కడ ఎక్కువ. ఎద్దులను అమ్మివేసి ఏళ్లు గడిచాయి. దుక్కి అదనుకు అద్దె ట్రాక్టరు దొరకక వాన వెళ్లిపోయిన చేదు అనుభవం లేని ఇల్లు అరుదు. అందుచేత “మనకే ఒక చిన్న బండి ఉంటే” అన్న ఆలోచన సహజం. డీలర్ల దుకాణాలలో చర్చ మాత్రం ఏ కంపెనీది మంచిది, ఎన్ని హెచ్‌పీలు, నెలకు కంతు ఎంత అన్న మూడు ప్రశ్నలతోనే ముగిసిపోతున్నది. నిజానికి వీటికంటే ముందు తేలవలసినవి మరి మూడు ఉన్నాయి. పెద్ద ట్రాక్టరు ప్రవేశించలేని నేల మనకు ఎంత ఉంది? ఏడాదిలో ఎన్ని ఎకరాల పని ఆ బండికి చూపగలం? పొలం కాగితాలు ఏ రాష్ట్రంలో, ఎవరి పేర ఉన్నాయి? మూడవ ప్రశ్న లోపలి జిల్లాల రైతుకు తలెత్తదు. సరిహద్దు రైతుకు తరచు అదే అసలు చిక్కు.

ముందుగా చిన్న ట్రాక్టరు అంటే ఏమిటో చూడాలి. వాడుకలో 30 హెచ్‌పీకి లోపున్న వాటిని చిన్నవిగా లెక్కిస్తారు. మహీంద్రా యువరాజ్ 215 అనే 15 హెచ్‌పీ బండి, అదే సంస్థ జీవో శ్రేణి, వీఎస్‌టీ వారి 18 హెచ్‌పీ బండ్లు, కుబోటా నియోస్టార్ మొదలైనవి ఈ కోవలోనివి. 2023 ఆగస్టు 15న మహీంద్రా విడుదల చేసిన ఓజా శ్రేణి 20 నుండి 40 హెచ్‌పీ వరకు ఉంది. దాని తయారీ కేంద్రం బీదరు సరిహద్దుకు దగ్గరగా తెలంగాణలోని జహీరాబాదు. వీఎస్‌టీ ట్రాక్టర్ల కార్ఖానా హోసూరులోను, పవర్ టిల్లర్ల కార్ఖానా కోలారు జిల్లా మాలూరులోను ఉన్నాయి. అంటే చిన్న యంత్రాల తయారీ చాలావరకు మన గడపలోనే జరుగుతున్నది.

డీలరు చెప్పే అశ్వశక్తి ఇంజనుది. రోటవేటరును తిప్పే వెనుక కడ్డీ వద్ద, అనగా పీటీఓ వద్ద అందులో సుమారు 85 నుండి 90 శాతం మాత్రమే అందుతుంది. 20 హెచ్‌పీ బండి పీటీఓ వద్ద 17 హెచ్‌పీ ఇస్తే, దానికి తగిన రోటవేటరు మూడు, మూడున్నర అడుగులది. పెద్ద బండ్లకు కట్టే ఆరడుగుల రోటవేటరును మనసులో ఉంచుకొని చిన్న బండి పనిని ఊహించడం పొరపాటు. కొనేటప్పుడు అడగవలసినది పీటీఓ హెచ్‌పీ, ఎత్తే బరువు, మొత్తం వెడల్పు. ఈ మూడూ పుస్తకంలో అచ్చయి ఉంటాయి కాని సాధారణంగా ఎవరూ తిరగవేయని పుటలో ఉంటాయి.

నేలను బట్టి తీర్పు మారిపోతుంది. తుంగభద్ర ఆయకట్టులో, సింధనూరు, గంగావతి, మాన్వి ప్రాంతాల క్యాంపులలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పొలాలు చాలావరకు నల్లరేగడి. 1953లో ఆనకట్ట నీరు వచ్చిన తరువాత అక్కడ వరి సాగు విస్తరించింది. రేగడిలో దమ్ము చేయడానికి బరువు, శక్తి రెండూ కావాలి. 20 హెచ్‌పీ బండి ఆ బురదలో పనిచేయకపోదు. అయితే ఎకరాకు పట్టే సమయం, ఇంజను పడే అవస్థ చూస్తే అది లాభసాటి కాదు. అక్కడ 45 హెచ్‌పీ పైబడిన అద్దె బండ్లకు కొరత కూడా లేదు. కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు ఎర్రనేలలు వేరు. వాన పడిన రెండు మూడు రోజులలో తేలికగా దున్నవచ్చు. చిన్న బండి అక్కడ కుదురుకుంటుంది. ఒడిశాలో రాయగడ, గుణుపురం మైదానాలు ఒక తీరు, కొరాపుట్ వైపు కొండల నడుమ మెట్లు మెట్లుగా దిగే జోలా భూములు మరొక తీరు. ఒక మడి నుండి మరొక మడికి దిగడమే కష్టమైన ఆ చోట నాలుగు చక్రాల బండి కంటే పవర్ టిల్లరే మేలు. గట్టు మీద ఒరిగితే ట్రాక్టరు తిరగబడుతుంది, టిల్లరును మాత్రం ఇద్దరు పట్టి దించవచ్చు. 13 హెచ్‌పీ టిల్లరుపై కూడా పన్ను తగ్గింపు వల్ల దాదాపు 12 వేలు కలిసివచ్చాయి. యానాంలోని కొబ్బరి దొడ్లకు అయితే ఈ చర్చ అంతా అధికమే. సొంత బండి కంటే పక్క ఊరి బండిని పిలిపించుకోవడమే అక్కడ చవక.

ఇక ఎకరాల లెక్క. ఒక ఉదాహరణ తీసుకొందాం. చిన్న ట్రాక్టరు, రోటవేటరు, గొర్రు, చిన్న ట్రాలీ కలిపి ఆరు లక్షలు అయినవనుకొందాం. లక్షన్నర చేతి నుండి పెట్టి, మిగిలిన నాలుగున్నర లక్షలు 10 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు తీసుకొంటే మొత్తం వడ్డీ సుమారు లక్షా 77 వేలు. బండిని పదేళ్లు వాడి లక్షన్నరకు అమ్మితే అరుగుదల ఏడాదికి 45 వేలు. వడ్డీని పదేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 18 వేలు. బీమా, నూనె మార్పిడి, టైర్లు, మరమ్మతులకు 22 వేలు. మొత్తం ఏడాదికి 85 వేల రూపాయలు. బండి కదిలినా కదలకపోయినా ఇందులో అధిక భాగం తప్పదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్లు, కొట్టంలో నిలబడిన ట్రాక్టరుకు కూడా కంతు కట్టవలసినదే.

ఈ 85 వేలకు ఎదురుగా మిగులు ఎంత? ఇక్కడే చాలామంది గంటకు గంట పోల్చి మోసపోతారు. పెద్ద అద్దె బండి ఒక ఎకరాన్ని గంటలో రోటవేటరు వేసి వెయ్యి రూపాయలు తీసుకొంటుందనుకొందాం. చిన్న బండికి అదే ఎకరానికి రెండు గంటలు పడుతుంది. గంటకు రెండు లీటర్ల చొప్పున నాలుగు లీటర్ల డీజిలు కాలుతుంది. దానికి దాదాపు 400 రూపాయలు. అంటే ఎకరాకు మిగిలేది 600 మాత్రమే. ఇంటివారే తోలుతారు కనుక వారి కూలి కలపలేదు. 85 వేలను 600తో భాగిస్తే 140 పైచిలుకు వస్తుంది. ఏడాదికి 140 ఎకరాల పని ఉంటే గాని సొంత బండి అద్దె బండితో సరితూగదు. అయిదు ఎకరాల రైతు రెండు పంటలకు మూడేసి సార్లు తోలినా అయ్యేది 30 ఎకరాల పని. మిగిలిన 110 ఎకరాలు ఎక్కడి నుండి వస్తాయి? పొరుగువారికి అద్దెకు తోలుతామని అందరూ అంటారు. కాని ఊరిలో పది చిన్న బండ్లు దిగితే పొరుగువాడికి కూడా ఒకటి ఉంటుంది.

పన్ను తగ్గింపు ఈ లెక్కను ఎంత మార్చింది? 23 వేలను పదేళ్లకు పంచితే ఏడాదికి 2,300. అంటే నాలుగు ఎకరాల పనికి సమానం. ప్రకటనలలో పెద్దదిగా కనిపించిన అంకె పొలంలోకి వచ్చేసరికి అంతే.

అయితే చిన్న ట్రాక్టరు దండగ అని దీని అర్థం కాదు. పై లెక్క పెద్ద బండి తిరగగల పొలానికి. అది తిరగలేని చోట పోల్చవలసినది అద్దె ట్రాక్టరుతో కాదు, కూలీలతో. చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాలలో పట్టుపురుగులు పెంచే కుటుంబాలు ఇందుకు మంచి ఉదాహరణ. మల్బరీని జంట సాళ్ల పద్ధతిలో నాటితే జంటలోని రెండు సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు, జంటకూ జంటకూ నడుమ 150 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే అయిదు అడుగుల బాట. మూడు, మూడున్నర అడుగుల వెడల్పు గల చిన్న ట్రాక్టరు అందులో సాఫీగా పోతుంది, పెద్దది పోదు. ఏడాదికి అయిదు కోతలు, ప్రతి కోత తరువాత కలుపు తీత, మట్టి గుల్ల చేయడం, ఎరువు వేయడం. మూడు ఎకరాల మల్బరీకి ఈ పనులకే కూలీలను పెట్టుకొంటే అయ్యే ఖర్చు ఆ ఇంటివారికి బాగా తెలుసు. పైగా ఆకు అదనుకు కావాలి, పురుగు వేచి ఉండదు. అటువంటి ఇంట చిన్న ట్రాక్టరు దాని ఖర్చును అదే రాబట్టుకొంటుంది. ద్రాక్ష పందిళ్లు, పాత మామిడి తోటలలో నేలకు వాలిన కొమ్మల కింద పని, హోసూరు వైపు గులాబీ, కూరగాయల మడులు, నాందేడ్, కిన్వట్ ప్రాంతాలలో పత్తి సాళ్ల మధ్య గుంటక కూడా ఈ లెక్కలోకే వస్తాయి. శ్రీనివాసపురం వంటి చోట మామిడి చెట్ల నడుమ ముప్పై అడుగుల దూరం ఉన్నందున వెడల్పు సమస్య కాదు, ఎత్తు సమస్య. పొగగొట్టం నిలువుగా కాక కిందుగా ఉన్న నమూనా ఆ తోటలకు మేలు.

నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం కావాలా, వెనుక చక్రాలకే చాలునా అన్నది మరొక సందేహం. చిన్న బండి తేలిక. బరువు లేనందున తడి నేలలో చక్రం జారుతుంది. వరి మడిలో గాని, వాలు నేలలో గాని వాడేవారికి నాలుగు చక్రాల రకానికి పెట్టే అదనపు సొమ్ము వృథా కాదు. మెట్ట పొలంలో గుంటక, ఇంటి వద్ద గడ్డి మోత మాత్రమే అయితే అవసరం లేదు.

మోత విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉంది. ఇంటి అవసరాలకు కొన్న బండిలో సగం పని ట్రాలీతోనే. పేడ ఎరువు తోలడం, పచ్చిగడ్డి, నీళ్ల ట్యాంకు, ఇటుకలు, సంతకు బస్తాలు, అన్నీ అందులోనే. ఒక టన్నుకు అటు ఇటుగా ఉండే ట్రాక్టరుకు పెద్ద బండి ట్రాలీ తగిలించి మూడు టన్నులు నింపడం చూస్తూనే ఉన్నాము. లాగడం వరకు లాగుతుంది. ఆగవలసినప్పుడు ఆగదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, దిగేటప్పుడు ట్రాలీ వెనుక నుండి నెట్టుతుంది. టన్ను, టన్నున్నర మించని ట్రాలీని బండితో పాటే ఎంచుకోవాలి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకొని బడికి తీసుకువెళ్లే అలవాటు కూడా మానవలసినదే. ట్రాక్టరుపై ఉండే ఆసనం ఒక్కటి, అది తోలేవాడిది. మడ్‌గార్డు మీద, ట్రాలీలో కూర్చున్నవారికి దెబ్బ తగిలితే బీమా సంస్థ చెల్లించడానికి నిరాకరించే అవకాశం ఎక్కువ.

ఇక సరిహద్దు కుటుంబాల అసలు చిక్కుకు వద్దాం. 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, ఇతరులకు 40 శాతం వరకు రాయితీ ఉంది. ప్రతి యంత్రానికి గరిష్ఠ పరిమితి వేరు. సొమ్ము కేంద్రం, రాష్ట్రం కలిపి ఇస్తాయి, అమలు చేసేది మాత్రం రాష్ట్రం. ఆ రాష్ట్రం చూసేది తన భూమి రికార్డునే. కర్ణాటకలో పహణి, దానికి ముడిపడిన ఫ్రూట్స్ నమోదు సంఖ్య. తమిళనాడులో పట్టా, చిట్టా. మహారాష్ట్రలో సాత్‌బారా. ఆంధ్రప్రదేశ్‌లో అడంగలు, 1బీ. ఇల్లు బాగేపల్లి తాలూకాలో, పొలం సత్యసాయి జిల్లాలో ఉన్న కుటుంబాన్ని ఊహించుకొందాం. కర్ణాటక కార్యాలయంలో వారికి భూమి లేదు. ఆంధ్ర కార్యాలయంలో భూమి ఉంది, ఆధారు చిరునామా మాత్రం పొరుగు రాష్ట్రానిది. ఈ రెంటి నడుమ తిరిగి తిరిగి అదను దాటిపోతుంది.

దీనికి తోడు పేర్ల గొడవ. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. కన్నడ పహణిలో ఇంటిపేరు లేకుండా తండ్రి పేరుతో, తమిళ పట్టాలో తండ్రి పేరు మొదటి అక్షరంతో, ఆధారులో మరొక వరుసతో ఒకే మనిషి మూడు పేర్లుగా నమోదై ఉంటాడు. పూర్వం గ్రామాధికారికి మనిషి తెలుసు, కనుక పేరు ఎట్లా ఉన్నా పని జరిగింది. ఇప్పుడు కంప్యూటరుకు మనిషి తెలియదు. ఇంకా తాతగారి పేరిటే ఉన్న పొలమైతే కర్ణాటకలో పౌతి ఖాతా, ఆంధ్రలో మ్యుటేషన్ జరిగేదాకా ఏ రాయితీకీ దారి లేదు. ట్రాక్టరు కొనే ఆలోచన ఉన్నవారు బండి చూడడానికి ముందే ఈ పని మొదలుపెట్టడం మంచిది. బండి ఒక్కరోజులో దొరుకుతుంది, పేరు సరిదిద్దుకోవడానికి నెలలు పడుతుంది.

ఒక అనుకూలత కూడా ఉంది. సరిహద్దు కుటుంబాలలో ఇటు అమ్మాయిని అటు ఇవ్వడం, అటు అమ్మాయిని ఇటు తెచ్చుకోవడం పరిపాటి. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరమో అరెకరమో ఆమె పేర ఉంటుంది. మహిళా రైతుగా ఆమెకు వర్తించే 50 శాతం రాయితీని చాలా ఇళ్లలో ఎవరూ అడగనే అడగరు. ఆ భూమి ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడ ఆమె పేరనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు బండి కూడా ఆమె పేరనే నమోదవుతుంది. ఇది కొందరికి ఇష్టం ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.

రాయితీ ఉన్నదని బండిని ఎంచుకోవడం మాత్రం తలకిందుల పని. రాయితీ జాబితాలో ఉన్న నమూనాలు, అధీకృత డీలర్లు పరిమితం. అందువల్ల రాయితీ మాట ఎత్తకముందే డీలరును నగదు ధర అడిగి కాగితం మీద రాయించుకోవాలి. రాయితీ ధరను ఆ తరువాత పోల్చుకొంటే అసలు మిగులు ఎంతో తెలుస్తుంది.

రిజిస్ట్రేషను విషయంలో అపోహలు అనేకం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని నివాసం గాని, బండి సాధారణంగా ఉండే వ్యాపార స్థలం గాని ఎక్కడ ఉంటే అక్కడ నమోదు చేయించాలి. ఒకచోట చేసిన నమోదు దేశమంతటా చెల్లుతుంది. కనుక ఉదయం సరిహద్దు దాటి పొలానికి వెళ్లి సాయంత్రం ఇంటికి తిరిగివచ్చే బండికి రెండవ నంబరు అక్కరలేదు. బండి పొరుగు రాష్ట్రంలోనే పన్నెండు నెలలకు మించి ఉండిపోతే మాత్రం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ట్రాలీకి వేరుగా నమోదు అవసరమన్నది చాలామంది మరచిపోయే సంగతి. లైసెన్సు విషయంలో 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు కొంత ఊరట. 7,500 కిలోలకు మించని వాహనాలకు తేలికపాటి వాహన లైసెన్సు చాలునని ఆ తీర్పు సారాంశం. చిన్న ట్రాక్టరు ఆ పరిమితికి ఎంతో లోపలే ఉంటుంది. లైసెన్సే లేకుండా తోలే కుర్రవాళ్లకు ఈ తీర్పు వర్తించదు.

సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందో సరిహద్దుతో నిమిత్తం లేకుండా చూసుకోవాలి. సిరొంచ రైతుకు గడ్చిరోలి పట్టణం కంటే గోదావరి వంతెన దాటితే వచ్చే తెలంగాణ పట్టణాలే దగ్గర. బండి అక్కడ కొని తాత్కాలిక నంబరుతో తెచ్చుకొని ఇక్కడ నమోదు చేయించుకోవచ్చు. అయితే ఉచిత సర్వీసులు, వారంటీ పనులు ఏ డీలరు చేస్తాడో ముందే తేల్చుకోవాలి. రెండు డీలర్ల నడుమ బండి ఇరుక్కుపోతే నష్టం రైతుదే.

కొనలేనివారికి, కొనడం లాభసాటి కానివారికి ప్రభుత్వ అద్దె కేంద్రాలు ఉన్నాయి. కర్ణాటకలో 2014-15లో హోబళి స్థాయిలో మొదలైన కృషి యంత్రధారె కేంద్రాలు, తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగు శాఖ ఈ-వాడగై ద్వారా ఇచ్చే యంత్రాలు ఇటువంటివి. వీటి అద్దె ప్రైవేటు బండ్ల కంటే సాధారణంగా తక్కువ. అదనులో వరుస పెద్దది అన్నది నిజమే. ఈ కేంద్రాలలో సన్న సాళ్లలో తిరిగే చిన్న ట్రాక్టర్లు ఎన్ని ఉంచుతున్నారన్నది గ్రామసభలలో అడగవలసిన ప్రశ్న. పెద్ద బండ్లు ఊరిలో ఇప్పటికే ఉన్నాయి. కొరత ఉన్నది చిన్నవాటికే.

బావమరుదులో, అన్నదమ్ములో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బండి కొనుక్కొనే పద్ధతి ఈ మధ్య కొన్ని ఊళ్లలో కనిపిస్తున్నది. 140 ఎకరాల లెక్కకు ఇదే అన్నిటికంటే దగ్గరి దారి. ఒకరిది ఈ రాష్ట్రం, మరొకరిది ఆ రాష్ట్రం అయినప్పుడు నమోదు, అప్పు, బీమా ఎవరి పేర ఉండాలో, డీజిలు తక్కువ ధరకు దొరికే వైపు ఎవరు పోయించాలో, వాన పడిన మొదటి రోజు బండి ఎవరి పొలంలో దిగాలో కొనకముందే ఒక తెల్లకాగితం మీద రాసుకొని అందరూ సంతకాలు చేయాలి. మొదటి మూడింటికీ కార్యాలయాలు ఉన్నాయి. వాన పడిన మొదటి రోజు తగవుకు ఏ రాష్ట్రంలోనూ కార్యాలయం లేదు.